పది బోల్టులు, పది గీతలు

గురువారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు షోరూం సర్వీసు షెడ్డులో మూడో లిఫ్టు మీద ఒక తెల్ల పికప్ పైకి లేచింది. దాని వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి పెట్టె ఉంటుంది. మెకానిక్కులు దాన్ని హౌసింగు అంటారు. హౌసింగుకు ఒక మూత, మూతకు పది బోల్టులు. పదింటి మీదా పసుపు పెయింటుతో గీత ఉంది. షోరూం ఇంజనీరు టార్చి వేసి గీతలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

బండి యజమానురాలు అద్దం అవతల, కస్టమర్ల గదిలో ఉంది. ఆ గదిలో ఎనిమిది కుర్చీలున్నాయి. అరగంటలో ఆమె ఐదు మారింది.

ఆ దారిలో అందరూ ఆమెను సిలిండరక్క అంటారు. గ్యాసు గోదాము నుంచి కొండ మీది ఆసుపత్రికి ఆక్సిజన్ సిలిండర్లు చేరవేయడం ఆమె పని. నాలుగు రోజులకోసారి ఆరు సిలిండర్లు. మొత్తం ముప్పై ఒక్క కిలోమీటర్లు, అందులో చివరి ఏడు మట్టి రోడ్డు. రాతి క్వారీ దాటాక ఒక మలుపు వస్తుంది. అక్కడంతా బంకమన్ను. కిందటేడు వానల్లో బండి ఆ మలుపులో మూడుసార్లు కూరుకుపోయింది. మూడోసారి క్వారీ కూలీలు సిలిండర్లను దుంగలకు కట్టి మోశారు. ఆరూ పైకి చేరడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది.

ఆ తర్వాతి వారం ఆమె మేనమామ బండికి లాకరు బిగించాడు. మామూలు బండిలో ఒక వెనక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే రెండోది కదలకుండా కూర్చుంటుంది. హౌసింగు లోపల లాకరు ఉంటే, స్విచ్చు నొక్కగానే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. దాంతోపాటు లోతు గాళ్ల టైర్లు నాలుగు వేశాడు. ఏదీ కంపెనీ సామాను కాదు. అప్పటికి బండికి ఇంకా పద్నాలుగు నెలల వారంటీ ఉంది. ఆ తర్వాత బండి వానలో పదకొండు సార్లు కొండెక్కింది. ఎక్కడా ఆగలేదు.

మేనమామను ఆ వీధిలో గీతల మేస్త్రి అంటారు. బోల్టు బిగించగానే దాని తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీస్తాడు. బోల్టు వదులైతే గీత తెగుతుంది. తెగిందంటే మళ్లీ బిగించాలి. ఇరవై రెండేళ్ల కిందట ఆయన ఒక లారీ చక్రానికి నాలుగు నట్లు బిగించి, ఐదోది టీ తాగొచ్చి బిగిద్దామనుకున్నాడు. ఈలోగా లారీ వెళ్లిపోయింది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర చక్రం ఊడింది. డ్రైవరుకు మెడ ఎముక విరిగింది. ఆ డ్రైవరు ఆయన బావే, సిలిండరక్క తండ్రి. బావ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. మేస్త్రి మర్నాడే పెయింటు కొన్నాడు.

మూడు వారాల కిందట పికప్‌లో మూడో గేరు నిలవడం మానేసింది. వేస్తే గరగరమని బయటికి వచ్చేస్తోంది. వారంటీ ఇంకా ఐదు నెలలుంది. సోమవారం ఆమె షోరూంకు ఫోన్ చేసింది. ఫోనెత్తిన అమ్మాయి గురువారం తొమ్మిదికి రమ్మంది. "బయటి సామాను ఏమన్నా బిగించారా? బిగిస్తే వారంటీ కుదరదమ్మా," అని, జవాబు వినకుండానే పెట్టేసింది.

మంగళవారం సాయంత్రం మేస్త్రి ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. ఇంటి ముందు భాగమే షెడ్డు. మేనత్త కళ్లజోడు పెట్టుకుని వారంటీ పుస్తకం తెరిచింది.

"అరవై ఒకటో పేజీ," అంది. "'కంపెనీ ఆమోదం లేని భాగాలు బండికి అమర్చిన పక్షంలో...'"

"చాలు చాలు, అర్థమైంది," అన్నాడు మేస్త్రి.

"వాక్యం అవలేదండీ. పేజీ తిప్పనివ్వండి."

"ఎన్ని పేజీలు తిప్పినా అదే పాట. ఆ పుస్తకంలో బురద ఎన్నో పేజీలో ఉందో చూడు, అది చదువు. వింటా."

అత్త పుస్తకం మూసేసింది. "మీకు చదివి పెట్టడం నాదే తప్పు."

"లాకరు తీసేస్తా. పాత సామానంతా మంచం కింద పెట్టెలో ఉంది. పాత టైర్లు అటక మీదున్నాయి. షోరూం వాళ్లు చూసి పంపించాక మళ్లీ బిగిస్తా. ఎవడికి తెలుస్తుంది?"

"శుక్రవారం నాకు ట్రిప్పుంది మావయ్యా. ఆ మలుపు..."

"తొమ్మిది రోజులుగా చుక్క పడలేదు. రోడ్డు అప్పడంలా ఉంది. ఖాళీ చేతుల్తో ఎక్కుతావ్."

బుధవారం ఉదయం ఏడింటికి విప్పడం మొదలుపెట్టారు. ఆమె పక్కన పడుకుని స్పానర్లు అందించింది. మేస్త్రి లాకరు తీసి, నూనె గుడ్డలో చుట్టి, పాత సామాను, పాత టైర్లు ఎక్కించాడు. డాష్‌బోర్డు మీద స్విచ్చు ఉన్న రంధ్రానికి నల్ల మూత బిగించాడు. వైర్లు ఏ దారిన వెళ్లాయో అక్కడ దుమ్ము కూడా చల్లాడు. సాయంత్రం నాలుగింటికి పని ముగిసింది. అప్పటికి వాన మొదలై గంటయింది.

గురువారం తొమ్మిదీ నలభైకి ఇంజనీరు ఆమెను లిఫ్టు దగ్గరికి పిలిచాడు. ఆమెతో షోరూంకు వచ్చిన మేస్త్రి పిలవకుండానే వెంట నడిచాడు.

"మేడం, ఈ మూత ఎప్పుడన్నా విప్పారా?"

ఆమె తలెత్తి చూసింది. గీతలు అప్పుడు కనిపించాయి. నిన్న తొమ్మిది గంటల సేపు ఆమె ఆ మూతకు మూరెడు దూరంలోనే ఉంది. మేస్త్రి ముట్టుకున్న ప్రతి బోల్టుకూ గీత ఉంటుంది కాబట్టి, ఆమె గీతలు చూడటం మానేసి ఏళ్లయింది.

"మా ఫ్యాక్టరీలో తెల్ల గీత గీస్తారు," అన్నాడు ఇంజనీరు. "అది కూడా ఇక్కడ గీయరు. ఇదేమో పసుపు."

మేస్త్రి చొక్కా జేబును అరచేత్తో కప్పుకున్నాడు. జేబులో పెయింటు పెన్ను ఉంది. పసుపు మూత వేళ్ల సందులోంచి కనబడుతూనే ఉంది. ఇంజనీరు ఆ చేతివైపు చూసి, మళ్లీ పైకి చూశాడు.

"ఎవరు గీశారోగానీ పదీ ఒక్క కొలతలో ఉన్నాయి. మా వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఇలా రాదు."

"కొలతదేముంది బాబూ," అన్నాడు మేస్త్రి. "రెంచి తీయకముందే గీయాలి. తీశాక గీస్తే చెయ్యి తిన్నగా పోదు."

ఇంజనీరు టార్చి ఆర్పి ఆయన వైపు తిరిగాడు.

"మావయ్యా," అంది ఆమె.

"ఆఁ."

"ఇంక ఆ చెయ్యి తియ్."

మేస్త్రి చెయ్యి తీశాడు.

ఇంజనీరు ఒక ఫారం తెచ్చాడు. నాలుగో ప్రశ్న: కంపెనీ ఆమోదం లేని భాగాలు అమర్చారా? పక్కన రెండు గడులు, అవును, కాదు. ఆమె పెన్ను తీసుకుని నిలబడింది.

"అవునని పెడితే పై ఆఫీసు అడుగుతుంది," అన్నాడు ఇంజనీరు. "కాదని పెడితే నేను అడుగుతా."

ఆమె అవునని పెట్టింది. కింద ఖాళీ జాగాలో రాసింది: లాకరు, నాలుగు టైర్లు, నిన్న తీశాం.

"తీశారా? ఎందుకు తీశారు?"

"ఉంటే వారంటీ కుదరదన్నారుగా మీ ఫోన్లో."

"అన్నదెవరు?"

"పేరు చెప్పలేదు. నా మాట వినకుండా పెట్టేసింది."

"పుస్తకం చదివారా?"

"చదివాం. అరవై ఒకటి."

"అరవై రెండు?"

ఇంజనీరు గోడ మీది అర నుంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి చూపించాడు. వాక్యం అరవై రెండో పేజీలో పూర్తయింది: 'ఆ భాగాల మూలంగా కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు.'

"దీని మూలంగా అయిన నష్టానికే," అన్నాడు. "హౌసింగు వరకు మా పూచీ లేదు, అది వేరే. గేరుబాక్సు చెడింది లాకరు వల్లేనని తేలితే కుదరదు. కాదని తేలితే కుదురుతుంది. లాకరు బండికే ఉండుంటే కూడా నేను ఈ మాటే చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే హౌసింగు వైపు చూసేవాణ్ణే కాదు. గీతలు కొత్తగా మెరుస్తుంటే చూశా."

ఆమె బయటికి వచ్చి అత్తకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారన్నమాట మీ మావయ్య," అంది అత్త. "భుజాలైతే నయం, ఈయన జేబు తడుముకున్నారు. పేజీ తిప్పనివ్వమన్నానా లేదా? అడుగు."

"తర్వాత అడుగుతాలే అత్తయ్యా."

పది ఇరవైకి కొండ మీది నర్సు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో అప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నది ఒక్కరే, క్వారీలో ముప్పై ఏళ్లు రాయి కొట్టిన ముసలాయన. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. ఆక్సిజన్ పెట్టి ఎనిమిది రోజులు.

"అక్కా, పెట్టింది కాక ఒక్కటే నిండుగా ఉంది," అంది నర్సు. "పెట్టింది ఈ రాత్రికి అయిపోతుంది. రెండోది శనివారం తెల్లారేదాకా వస్తుంది. ఆపైన లేదు."

"వాన ఎలా ఉంది?"

"నిన్నటి నుంచి ఆగలేదు. పాలబండి మలుపు దాకా వచ్చి తిరిగిపోయింది. నువ్వు రేపు వస్తావుగా? తాతయ్య పొద్దుట్నుంచి అడుగుతున్నాడు."

"వస్తా."

ఆమె బండ్లున్న ఇంకో ఇద్దరికి ఫోన్ చేసింది. ఒకరి బండికి వెనక చక్రాల పట్టు మాత్రమే ఉంది, ఆమె బండిలా నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ లేదు. రెండో ఆయన ఆదివారం దాకా ఖాళీ లేదన్నాడు. ఆమె షెడ్డులోకి వెళ్లి, బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది.

"బండి ఎప్పుడిస్తారు?"

"సామాను సోమవారం వస్తుంది," అన్నాడు ఇంజనీరు. "మంగళవారం."

"రేపు నాకు కావాలి."

"మేడం, వదిలేసి వెళ్తే నేను ఈ రోజే గేరుబాక్సు విప్పి ఫోటోలు పంపిస్తా. తీసుకెళ్తే 'లోపం తెలిసీ నడిపారు' అని రాయాలి. రాయక తప్పదు."

"రాయండి."

"ఆ మాట చూస్తే పై ఆఫీసు ఏమంటుందో నేను చెప్పలేను."

"సిలిండరు అయిపోతే తాతయ్య ఏమంటాడో అది కూడా చెప్పలేరు కదా. రాయండి."

ఆయన రాశాడు. పదకొండూ ఇరవై ఐదుకు ఆమె సంతకం పెట్టింది. లిఫ్టు దిగుతుండగా ఇంజనీరు దగ్గరికి వచ్చాడు.

"రెండో గేరులోనే పోండి. మూడు జోలికి వెళ్లొద్దు. ఈ మాట నేను చెప్పలేదు."

"నేను వినలేదు," అంది ఆమె.

పన్నెండూ పదికి మేస్త్రి షెడ్డులో బండి మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కింది. అత్త మంచం కింద నుంచి పెట్టె లాగింది. నిన్న బయటికి వచ్చిన సామానంతా లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లిందంతా బయటికి రావాలి. గంటకోసారి ఆమె వీధిలోకి వెళ్లి ఆకాశం చూసి వచ్చింది. నాలుగోసారి అత్త అడ్డంగా నిలబడింది.

"నువ్వు చూస్తే వాన సిగ్గుపడి ఆగుతుందా? కూర్చో. అన్నం తిను."

"తిన్నాను అత్తయ్యా."

"ఎప్పుడు? నిన్నా?"

రాత్రి ఏడున్నరకు హౌసింగు మూత పెట్టి, మేస్త్రి బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. తొమ్మిది గీతలయ్యాక పెన్ను ఆరిపోయింది. ఊపాడు. నేలకేసి తట్టాడు. వేలి మీద గీసి చూశాడు. రాలేదు. పెయింటు కొట్టు ఆరింటికే మూసేస్తారు.

"తొమ్మిది చాలు మావయ్యా. పదోది బిగించావుగా."

"బిగించానని నువ్వంటున్నావు. బోల్టు అనొద్దూ?"

"నేనే చూశాను. రెంచి టక్కుమంది."

"ఆ లారీ రోజు కూడా నాలుగు టక్కుమన్నాయి," అన్నాడు మేస్త్రి. బండి కింద నుంచి బయటికి రాలేదు.

అత్త లోపలికి వెళ్లి ఒక చిన్న సీసా తెచ్చింది. గోళ్ల రంగు, ఎరుపు.

"ఇది ఆరితే ఊడదు. నాలుగు రోజులు గిన్నెలు తోమినా ఊడదు." చెయ్యి వంచి బండి కిందికి అందించింది. "పెళ్లయి ముప్పై ఏళ్లయింది, నా గోళ్లెప్పుడన్నా చూశారా ఈయన? బోల్టుకైతే కావాల్సొచ్చింది."

"చూస్తా. బయటికి రానీ," అన్నాడు మేస్త్రి కింద నుంచి. పదో బోల్టు మీద ఎర్ర గీత గీశాడు.

శుక్రవారం ఉదయం ఆరూ ఐదుకు గోదాములో ఆరు సిలిండర్లు ఎక్కించారు. నిలబెట్టి, గొలుసు వేసి, గొలుసు మీద పట్టీ బిగించారు. ఆరూ యాభైకి బయలుదేరారు. మేస్త్రి పక్క సీట్లో పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వస్తానని అనలేదు. ఆమె రావద్దని అనలేదు.

తారు రోడ్డు మీద రెండో గేరులో బండి వేగం గంటకు ఇరవై ఐదు దాటలేదు. వెనక వచ్చిన బస్సు హారను కొట్టి దాటిపోయింది. ఆ తర్వాత ఇటుకల లారీ, ఆ తర్వాత ఒక సైకిలు దాటాయి.

"సైకిలు కూడా దాటేసింది," అన్నాడు మేస్త్రి.

"దానికి మూడో గేరు బాగున్నట్టుంది."

పన్నెండో కిలోమీటరు దగ్గర ఆయన ఒకసారి ఆపమన్నాడు. వంగి టార్చి వేసి చూసి వచ్చాడు. "ఉన్నాయి," అన్నాడు. పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర మళ్లీ ఆపమన్నాడు.

"మావయ్యా, ఇలా ఆపుకుంటూ పోతే శనివారం దాటిపోతుంది."

"ఎర్రదొక్కటే. కొత్త రంగు కదా."

ఆమె ఆపింది. ఆయన చూసి వచ్చాడు.

ఎనిమిదీ నలభై ఏడుకు మలుపు వచ్చింది. రోడ్డు మీద పాలబండి చక్రాల జాడలు నీళ్లతో నిండి ఉన్నాయి. ఎడమవైపు క్వారీ గొయ్యి, కుడివైపు గట్టు. ఆమె బండి ఆపి, ఫోర్ వీల్ వేసి, మొదటి గేరు వేసి, లాకరు స్విచ్చు నొక్కింది. డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ దీపం వెలగలేదు. మళ్లీ నొక్కింది. వెలగలేదు.

మేస్త్రి పెట్టె తెరిచి స్విచ్చు కింద చెయ్యి పెట్టాడు. నిన్న హడావుడిలో తగిలించిన వైరు వదులైంది. బిగించాడు. దీపం వెలిగింది.

"దీనికి గీత గీయలేదే," అంది ఆమె.

"వైరుకు గీస్తారా ఎవరన్నా?" అన్నాడు. చొక్కా అంచుతో చేతులు తుడుచుకుని, "గీయాలి," అన్నాడు.

బండి కదిలింది. మలుపు మధ్యలో వెనక భాగం ఎడమకు జారింది. ఆమె స్టీరింగు తిప్పలేదు, ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీయలేదు. రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగాయి. ఎడమ చక్రం గొయ్యి అంచుకు రెండు జానల దూరంలో నిలిచి, మన్నును పట్టుకుని, ముందుకు వచ్చింది. నూట పది మీటర్లకు ఆరు నిమిషాలు పట్టింది. పైకి చేరాక మేస్త్రి దిగి బురదలో పడుకుని చూశాడు.

"ఎర్రది?" అని అడిగింది ఆమె కిటికీలోంచి.

"ఉంది."

తొమ్మిదీ ముప్పై ఒకటికి ఆసుపత్రి ముందు బండి ఆగింది. నర్సు, ఊడ్చే ఆయన, మేస్త్రి కలిసి సిలిండర్లు దించారు. కిటికీ పక్క మంచం మీద నుంచి ముసలాయన ముక్కు దగ్గరి గొట్టం పట్టుకుని చూశాడు.

"ఏం సిలిండరక్కా, నిన్నే వస్తావనుకున్నా," అన్నాడు.

"మావయ్య రానివ్వలేదు తాతయ్యా."

"ఈయనేనా? మంచి పని చేశాడు. నిన్న వస్తే గొయ్యిలో ఉండేదానివి. ఆ గొయ్యి మేం తవ్విందే. లోతు నాకు తెలుసు."

మధ్యాహ్నం మూడూ నలభైకి పికప్ మళ్లీ మూడో లిఫ్టు మీదికి ఎక్కింది. ఈసారి లాకరు లోపలే ఉంది. లోతు గాళ్ల టైర్లున్నాయి, గాళ్ల నిండా ఎండిన మన్నుంది. ఇంజనీరు హౌసింగు మీద టార్చి వేశాడు.

"ఈ ఎర్రదేంటి?"

"మా ఆవిడది," అన్నాడు మేస్త్రి.

ఇంజనీరు రిపోర్టులో రాశాడు: హౌసింగు బోల్టులు పది. గీతలు తొమ్మిది పసుపు, ఒకటి ఎరుపు. ఏదీ తెగలేదు. గేరుబాక్సు నూనె వంపి, లోపలి గేరు రింగులు అరిగి అందులో రాలిన ఇత్తడి పొడిని కాగితం మీద ఆరబెట్టి ఫోటో తీశాడు. నాలుగో ప్రశ్న దగ్గర అవును అన్న గడి, 'లోపం తెలిసీ నడిపారు' అన్న వాక్యం అలాగే ఉన్నాయి. ఐదూ పదిహేనుకు అన్నీ పై ఆఫీసుకు పంపాడు. సోమవారం సాయంత్రం వరకు జవాబు రాలేదు.

ఆసుపత్రి రిజిస్టరులో శనివారం పేజీ మీద మొదటి వరుస నర్సు చేతిరాతలో ఉంది. ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు, కిటికీ పక్క మంచానికి, ఖాళీ సిలిండరు తీసి కొత్తది పెట్టారు.